చచ్చుబంతులు

చొక్కా ఉతికే ఇచ్చామన్నారు. అబద్ధం. చంకల దగ్గర ఇంకొకడి చెమట ఇంకా పచ్చిగానే ఉంది. ఆంబ్రోస్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, చచ్చిన ఎలుకను విసిరినట్టు ట్రక్కు వెనక్కి విసిరాడు.

చొక్కా మీద ఎర్ర అక్షరాలతో నార్‌డాల్ అని ఊరి పేరు. పంతొమ్మిది వేసవులు ఏ ఊరి పీక నొక్కాలని బంతి విసిరాడో ఆ ఊరే. ఇప్పుడు ఆ ఊరి చొక్కా తొడుక్కోవాలి. తొడుక్కుంటానని ఒప్పుకున్నదీ తనే. అందుకే కంపు ఇంకాస్త ఎక్కువగా కొట్టింది.

బ్రెమెన్‌కీ నార్‌డాల్‌కీ మధ్య ఉన్నదంతా మొక్కజొన్న. బ్రెమెన్‌లో ఉన్నది జర్మన్లు. ఆదివారం పూజ ముగియగానే బీరు సీసాలతో ఆటకు వస్తారు. నార్‌డాల్‌లో ఉన్నది నార్వే వాళ్లు. కాఫీ తప్ప ముట్టమంటారు, బీరు కార్ల డిక్కీల్లో దాచుకుని వస్తారు. ఒకరి చర్చిలో ఒకరు కాలు పెట్టరు, పిల్లనిచ్చుకోరు. వేసవి ఆదివారాల్లో మాత్రం ఒకే కంచె చుట్టూ చేరి ఒకరినొకరు తల్లి దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టుకుంటారు. దాని పేరు బేస్‌బాల్.

ఆంబ్రోస్ బ్రెమెన్ జట్టు పిచ్చర్. వారమంతా ఆవులు, పేడ, ఎండుగడ్డి. ఆదివారం మట్టిదిబ్బ ఎక్కి బంతి విసరడం. అవతలివాడు బ్యాటుతో దాన్ని కంచె దాటించాలని చూస్తాడు, ఇతను దాటనివ్వడు. ఇరవయ్యో ఏట మొదలుపెట్టాడు, ఇప్పుడు ముప్పై తొమ్మిది. పొడుగు చేతులు, పొట్టి మాటలు. సొంత ఊళ్లో అతని బంతిని గట్టిగా కొట్టిన మొనగాడు లేడు. పక్క జిల్లాల సంతలకు అద్దెకు కూడా తీసుకుపోయేవారు. ఆటకు కొన్ని డాలర్లు, కడుపునిండా కోడిమాంసం, తిరుగు ప్రయాణానికి పెట్రోలు. అక్కడ ఎప్పుడో ఒకసారి గెలిచేవాడు, ఎక్కువసార్లు దెబ్బలు తినేవాడు. తిన్నప్పుడల్లా సాకు ఒకటి దొరికేది. దిబ్బ పల్లంగా ఉంది. ఎండ కళ్లలో పడింది. వెనక బంతి పట్టే క్యాచర్ గుడ్డివాడు.

అన్నిటిలోకీ పెద్ద సాకు సాసేజ్.

ఇరవై ఒకటో ఏట, జీతాలిచ్చి ఆడించే ఒక పెద్ద జట్టు మనిషి బ్రెమెన్ వచ్చాడు. ఆ రోజు ఆంబ్రోస్ వేసిన బంతుల్ని అవతలివాళ్లు దిబ్బ దాటించలేకపోయారు. ఆ మనిషి రైలు టిక్కెట్టు చేతిలో పెట్టి పట్నం రమ్మన్నాడు. స్టేషన్ బయట బండి దగ్గర ఆంబ్రోస్ సాసేజ్ కొనుక్కు తిన్నాడు, పంది పేగులో మాంసం కూరి పొగబెట్టింది. మర్నాడు దిబ్బ ఎక్కితే ప్రతివాడూ కొట్టాడు. సామాన్లు మోసే కుంటివాడి చేతికి సరదాకి బ్యాటిస్తే వాడూ కొట్టాడు. సాయంత్రం రైలుకే ఇంటికి పంపేశారు.

"ఆ సాసేజ్ కుళ్లిపోయింది. కడుపు దేవేస్తుంటే చెయ్యెలా లేస్తుంది?" అని ఇంటికొచ్చి చెప్పాడు. ఊరు నమ్మింది. ఊరికంటే గట్టిగా తను నమ్మాడు. ఆ రోజు నుంచి సాసేజ్ ముట్టలేదు. జర్మన్ల ఊళ్లో సాసేజ్ తినని మగవాడంటే గడ్డి తినని ఆవే. తన పెళ్లి విందులో కూడా పళ్లెం పక్కకు తోశాడు. భార్య టిల్లీ పొగగదిలో సాసేజ్ దండలు వేలాడదీస్తుంటే ముక్కు మూసుకుని కొట్టంలోకి పోయేవాడు.

అతనికి మిగిలిన కోరిక ఒక్కటే. రాష్ట్రం పోటీల్లో ఒక్కసారి దిబ్బ ఎక్కాలి. పట్నం వాళ్లంతా అక్కడికి వస్తారు. కుళ్లింది సాసేజే గాని తన చెయ్యి కాదని వాళ్ల కళ్ల ముందే తేలిపోవాలి. రాష్ట్రానికి పోవాలంటే ముందు నార్‌డాల్‌ని ఓడించాలి. చుట్టుపక్కల ఊళ్ల లీగులో చివరి ఆట ఎప్పుడూ వాళ్ల మైదానంలోనే, జనం కూర్చోవడానికి బల్లలున్నది అక్కడే గనక. అక్కడ ప్రతి ఏడూ ఓడిపోయాడు. ఈ ఏడూ ఓడిపోయాడు.

లీగుకో ఆనవాయితీ ఉంది. గెలిచిన ఊరు ఓడిన ఊళ్ల పిచ్చర్లలో ఒకణ్ని తన జట్టులోకి ఎత్తుకోవచ్చు. యుద్ధం గెలిచినవాడు ఓడినవాడి ఎద్దుల్ని తోలుకుపోయినట్టు. ఈ ఏడు ఆట ముగిసి దుమ్ము ఇంకా అణగకముందే నార్‌డాల్ మేనేజర్ టోర్వాల్డ్ వచ్చి ఆంబ్రోస్ ఎదుట నిలబడ్డాడు. ఆ ఊరి వెన్న డెయిరీకి పెద్ద అతనే.

"ఏం ముసలోడా! పై ఆదివారం ఇక్కడే, పక్క లీగు గెలిచిన క్రో లేక్ ఊరోళ్లతో ఆట. గెలిస్తే రాష్ట్రమే. మావోడి భుజం జారిపోయింది. నువ్వెయ్యాలి."

టోర్వాల్డ్ నోట్లో పొగాకు ముద్దను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చాడు. గోధుమరంగు రసం గడ్డం మీదికి కారింది. అరచేత్తో తుడుచుకుని, ఆ చెయ్యే చాపాడు.

ఆంబ్రోస్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి వచ్చేదాకా తన చేతిని ప్యాంటుకు రాస్తూనే ఉన్నాడు.

బ్రెమెన్ ఊరుకుంటుందా? సారాకొట్లో మర్నాడే మొదలయింది.

"ఏం ఆంబ్రోస్, ఇక కాఫీ పోయమంటావా?"

"వాడి ఆవులు కూడా నార్వే భాషలోనే అరుస్తున్నాయట్రా!"

ఆంబ్రోస్ గ్లాసు సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఆ చొక్కా తెచ్చుకోవడానికే ఇప్పుడు నార్‌డాల్ డెయిరీకి వచ్చింది. ట్రక్కు ఎక్కబోతుంటే టోర్వాల్డ్ గుమ్మంలోంచి కేకేశాడు.

"ఎక్కడికయ్యా తొందర? ఇట్రా, సరుకు చూసి పో."

డెయిరీ నేలంతా జారుడు. పులిసిపోయిన మజ్జిగ కంపు, దాని మీద అమ్మోనియా ఘాటు. గోడలకు ఈగలు మందంగా అతుక్కుని ఉన్నాయి. టోర్వాల్డ్ ఒక దళసరి తలుపు లాగాడు. లోపలినుంచి మంచులాంటి చల్లటి ఆవిరి వాళ్ల కాళ్ల మీదికి పాకింది. వెన్న పెట్టెల వెనక, గోనెపట్టా కింద, బేస్‌బాల్ డబ్బాలు.

టోర్వాల్డ్ ఒక బంతి తీసి ఆంబ్రోస్ చేతిలో పెట్టాడు. రాయి.

"ఇవి పెట్టి వారం దాటింది. ఆదివారం పొద్దున తీసి బయట పెడితే పైతోలు మామూలుగా అయిపోద్ది. లోపలి నూలుండ మాత్రం చచ్చే ఉంటది. ఎంత ఎద్దులాంటోడు కొట్టినా సగం దూరంలో చతికిలబడాల్సిందే. క్రో లేక్ వాళ్లు బ్యాటు పట్టినప్పుడు ఇవి. మనోళ్లు పట్టినప్పుడు బెంచీ మీద డబ్బాలోవి. అంపైర్‌కి బంతులు అందించేది నేనేగా!"

"మా మీద కూడా ఇవేనా?"

"మరి? మీకు కంబళి కప్పి ఇస్తామనుకున్నావా?" టోర్వాల్డ్ పొట్ట ఊగేలా నవ్వాడు. ఆంబ్రోస్ ముఖం చూసి నవ్వు ఆపాడు. "అదేంటయ్యా, కొత్తపెళ్లికూతుర్లా అట్టా చూస్తావు? మీ సిల్వెస్టర్ చేసేదీ ఇదేగా. వాడి పాల తొట్టిలో కన్నా మా వెన్న గదిలో ఇంకాస్త బాగా చస్తాయి, అంతే తేడా. తడి తగిలితే తోలు ఉబ్బుద్ది. డబ్బాలకి మైనం రాయమని చెప్పు వాడికి."

సిల్వెస్టర్ అంటే టిల్లీకి అన్న. బ్రెమెన్ జట్టుకు క్యాచరూ అతనే, మేనేజరూ అతనే.

ఆంబ్రోస్ బంతిని తిరిగి ఇవ్వలేదు. ఇవ్వాలని తోచలేదు. ఆ చలువ అతనికి కొత్తది కాదు. ఒళ్లు జలదరించింది చలికి కాదు, అది కొత్తది కానందుకు. బ్రెమెన్ దిబ్బ మీద ప్రతి ఆదివారం అతని వేళ్ల మధ్యకు వచ్చిన చలువ అదే. ఎండలో చెమటలు కారుతుంటే ఆ బంతి వేళ్లకు హాయిగా ఉండేది. నార్‌డాల్ వచ్చినప్పుడు, సంతలకు పోయినప్పుడు బంతి వెచ్చగా, జిడ్డుగా తగిలేది. అది పరాయి ఊరి చిరాకు అనుకున్నాడు.

వేళ్లకు తెలుసు. పంతొమ్మిదేళ్లూ వేళ్లకు తెలుసు. తల ఒక్కసారీ అడగలేదు.

సిల్వెస్టర్ కొట్టం పక్కన పాల గది. సిమెంటు తొట్టిలో బావినీళ్లు, ఆ నీళ్లలో మెడలదాకా మునిగిన పాల క్యాన్లు. మూలన ఒక పాత క్యాను ఉంది. అది డెయిరీకి ఎప్పుడూ పోదు. అందులో సిల్వెస్టర్ పెళ్లానికి తెలియకుండా బీరు దాచుకుంటాడని ఆంబ్రోస్ అనుకునేవాడు. తాగుబోతు క్యాను అని దానికి పేరు కూడా పెట్టాడు. ఇన్నేళ్లలో మూత తీసి చూడలేదు. ఒకడి బీరు మీద చెయ్యి వెయ్యడం మర్యాద కాదు.

ఇప్పుడు తీశాడు. డబ్బాలు.

సిల్వెస్టర్ బకెట్లు కడుగుతున్నవాడల్లా తలెత్తాడు. "ఏం బావా, దాహంగా ఉందా?"

"ఎన్నాళ్ల నుంచి?"

సిల్వెస్టర్ చేతిలో బకెట్టు కింద పెట్టాడు. "మా నాయన మేనేజర్‌గా ఉన్నప్పటి నుంచి. నేను మొదలెట్టింది కాదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్పడమేంటి బావా! 'ఆ చల్లటిది ఇటియ్యి' అని వారం వారం చెయ్యి చాపి అడిగింది నువ్వు కాదూ? తెలిసీ తెలియనట్టు ఉంటున్నావనుకున్నాను. పెద్దమనిషి తరహా అని."

"వేళ్లకి బాగుండేది."

"బాగోదూ మరి? గెలిపించే బంతి బాగోకపోతే ఓడించేది బాగుంటుందా?"

ఆంబ్రోస్ తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాడు. అడగాల్సింది ఇంకొకటి ఉంది. అడగకపోతే బాగుండేది.

"పెద్ద జట్టు మనిషి వచ్చిన రోజు?"

సిల్వెస్టర్ కళ్లు దించుకున్నాడు. "ఆ రోజు మా నాయన ఐసు కూడా తెప్పించి పోశాడు. చెడ్డకి కాదు బావా. మనూరి కుర్రాడు పైకి రావాలని ఊరంతా కలిసి చేసింది. పాదిరీగారు కూడా కాదనలేదు."

"పట్నంలో మరి?"

"పట్నంలో మనకు తొట్టి ఎక్కడిది?"

ఆంబ్రోస్ నోరు తెరిచాడు. "సాసేజ్..." అని ఆగిపోయాడు.

"సాసేజ్ మంచిదే అయ్యుంటుంది బావా," అన్నాడు సిల్వెస్టర్ మెల్లగా. "ఆడలేనివాడు మద్దెల ఓడంటాడు. నువ్వన్నావు, మేం ఊఁ కొట్టాం. పోనీలే అని."

పద్దెనిమిదేళ్ల కింద పట్నంలో దేవిందని చెప్పిన కడుపు ఇప్పుడు దేవింది. ఆంబ్రోస్ బయటికి పరిగెత్తి పేడదిబ్బ పక్కన వంగి కక్కాడు. సిల్వెస్టర్ మంచినీళ్ల ముంత పట్టుకుని వెనకే వచ్చాడు. ఆ నీళ్లు ఆ తొట్టిలోవే. ఆంబ్రోస్ ముంతను చేత్తో కొట్టేశాడు.

ఆ సాయంత్రమే ఇనప సామాన్ల కొట్లో ఒక పెట్టె కొత్త బంతులు కొన్నాడు. వంటగదిలో కట్టెల పొయ్యి పైన, టిల్లీ రొట్టె పిండి పొంగడానికి పెట్టుకునే చెక్క అర ఉంది. పిండి గిన్నె పక్కకు జరిపి బంతులు వరసగా పేర్చాడు.

టిల్లీ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఏవయ్యా, కోడి మానేసిందని నువ్వు పొదుగుతున్నావా?"

ఆంబ్రోస్ నాలుగు మాటల్లో చెప్పాడు. అతను చెప్పే తీరు ఎప్పుడూ అంతే. టిల్లీ ఆశ్చర్యపోలేదు. అది చూసి అతను ఆశ్చర్యపోయాడు.

"నీకూ తెలుసా?"

"క్యానులో బీరు లేదని తెలుసు. ఉంటే మా వదిన ఎప్పుడో తాగేసేది."

"చెప్పలేదేం?"

"ఆదివారం ఆట గెలిచి వచ్చినప్పుడు నువ్వు పాట పాడుకుంటూ పాలు పిండేవాడివి. వారానికి ఆ ఒక్క పూటే నీ నోట్లోంచి ఏదైనా వచ్చేది. అది కూడా పోగొట్టుకోనా?" పిండి గిన్నె తీసుకుని కిటికీలో ఎండకు పెట్టింది. "ఇప్పుడేం చేస్తావు?"

"వేస్తా."

"వేసి?"

"చూస్తా."

ఇక అన్నం తింటున్నా, ఆవుల కింద కూర్చున్నా అదే లెక్క. చచ్చుబంతులతో క్రో లేక్‌ని ఓడించొచ్చు. రాష్ట్రానికీ పోవచ్చు. కానీ రాష్ట్రం పోటీల్లో బంతులు పోటీ నడిపే సంఘం వాళ్లవి. అక్కడ టోర్వాల్డ్ వెన్న గది ఉండదు. అక్కడ దిబ్బ ఎక్కి, మళ్లీ పట్నం వాళ్ల ముందే, మళ్లీ కుంటివాడి చేత కూడా కొట్టించుకోవాలి. అదేదో ఇక్కడే తేలిపోనీ. నిజంగా తన చేతిలో ఏమన్నా ఉంటే వెచ్చటి బంతితోనే క్రో లేక్‌ని ఆపుతాడు. ఆపితే రాష్ట్రంలో ఎవరికీ భయపడక్కర్లేదు. లేకపోతే లేదు.

ఆదివారం నార్‌డాల్ బల్లలు విరిగేంత జనం. బ్రెమెన్ వాళ్లు కూడా వచ్చారు, తమవాడు పరాయి చొక్కాలో ఎలా ఉంటాడో చూసి తిట్టడానికి. ఆంబ్రోస్ ఆ చొక్కా తొడుక్కుని నడుస్తుంటే ఇంకొకడి చెమట వీపంతా అతుక్కుంది. చంకలో పెట్టె. తిన్నగా అంపైర్ దగ్గరికి నడిచాడు. అక్కడ క్రో లేక్ మేనేజర్ కూడా ఉన్నాడు, సన్నగా తాటిచెట్టులాంటి మనిషి.

"ఇవాళ బంతులు నేనిస్తున్నా," అన్నాడు ఆంబ్రోస్, బల్లల మీదివాళ్లకు కూడా వినపడేలా. జన్మలో అంత గట్టిగా మాట్లాడలేదు. "కొత్తవి. రెండు జట్లకీ ఇవే."

క్రో లేక్ మేనేజర్ ఒక బంతి తీసి చెంపకు ఆనించుకున్నాడు. గోరువెచ్చగా ఉంది. అతని ముఖం విప్పారింది. "ఇదిగో, మనిషంటే ఈయనండీ!" అన్నాడు.

టోర్వాల్డ్ అక్కడే ఉన్నాడు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. దొంగకు తేలు కుట్టినట్టయింది. పొగాకు రసం గుటుక్కున మింగి దగ్గుకుంటూ బెంచీ వైపు పోయాడు.

మొదట్లో బాగానే ఉంది. క్రో లేక్ వాళ్లకు ఆంబ్రోస్ చెయ్యి కొత్త, కాసేపు తడబడ్డారు. ఒకడి బంతి పక్కకు పోయింది, ఒకడిది నేరుగా చేతుల్లోకి వచ్చింది. ఆంబ్రోస్ గుండెలో ఏదో కదిలింది. తర్వాత వాళ్లు అలవాటు పడ్డారు.

ఠాప్.

ఆ చప్పుడు బ్రెమెన్ దిబ్బ మీదుండగా అతను ఎప్పుడూ వినలేదు. అక్కడ తను వేసిన బంతిని కొడితే తడిసిన పరుపును కొట్టినట్టు దబ్బుమనేది. ఇది ఎండుకట్టె విరిగినట్టుంది. బంతి అతని తల మీదుగా పోయి కంచె దాటి మొక్కజొన్నలో పడింది. ఇంకొకటి. ఇంకొకటి. తిరిగి చూడటం మానేశాడు. చప్పుడు వింటే చాలు, ఎక్కడ పడుతుందో తెలిసిపోతోంది.

నార్‌డాల్ వాళ్లకూ అదే బంతి. వాళ్లూ కొట్టారు. పరుగులకు పరుగులు. జనం వెర్రెత్తిపోయారు. ఆ మైదానంలో అన్ని బంతులు ఎగరడం ఎవరి ఎరుకలోనూ లేదు. ఆడవాళ్లు గొడుగులు ఊపారు. ముసలివాళ్లు బల్లలెక్కి గంతులేశారు. ఆంబ్రోస్ దిబ్బ మీద నిలబడి వాళ్లను చూశాడు. నోళ్లనిండా వేరుశనగ పప్పులు, గడ్డాల మీద ఉమ్ము, తెరుచుకున్న గొంతులు. ఇన్నేళ్లు చచ్చిన బంతులు చూసి చప్పట్లు కొట్టిందీ ఈ నోళ్లే. దేనికైనా కొడతాయి. తొట్టెలో కుడితి పోస్తే పందులు ఎవరు పోశారని చూస్తాయా?

"ఏయ్ ముసలోడా! భుజం ఇంటి దగ్గర మర్చిపోయొచ్చావా?" బ్రెమెన్ వాళ్ల వైపు నుంచి ఒక గొంతు. అది రోజూ అతని ట్రక్కులో చర్చికి వచ్చేవాడిది.

చివరి ఇన్నింగ్స్‌కి రెండు జట్లూ సమానం. బ్యాటు క్రో లేక్ చేతిలో. పెట్టెలో బంతులు అయిపోవచ్చాయి, సగం పొలంలోనే ఉన్నాయి. టోర్వాల్డ్ ఆట ఆపించి దిబ్బ దగ్గరికి వచ్చాడు. చేతిలో ఒక బంతి ఉంది.

"ఒరేయ్, విను," అన్నాడు పళ్ల మధ్యనుంచి. "నీ మొండితనం చాలు. ఇదిగో, నా వెన్న గదిలోది. బంతులు అయిపోయాయని అంపైర్‌తో చెప్పేశా. ముగ్గుర్ని పడగొట్టు, తర్వాత మనోళ్లు ఒక్క పరుగు తీస్తారు. రాష్ట్రానికి పోదాం. నీకు కావాల్సింది అదేగా?"

బంతి ఆంబ్రోస్ చేతిలో పెట్టాడు.

చల్లగా ఉంది. పైతోలు ఎండకు వెచ్చబడినా అడుగున ఆ చలువ ఉంది. వేళ్లు వాటంతటవే దాని కుట్టు మీద సర్దుకున్నాయి. దప్పికగొన్న దూడ పొదుగు వెతుక్కున్నట్టు. అంత హాయి. ఆ హాయికే అతనికి అన్నిటికంటే ఎక్కువ రోత పుట్టింది. ఇంత తెలిశాక కూడా వేళ్లు అదే అడుగుతున్నాయి.

ఆంబ్రోస్ వెనక్కి తిరిగి ఆ బంతిని మైదానం పక్క మురుగు గుంటలోకి విసిరాడు. చాలా దూరం పోయింది. ఆ రోజు వేసినవాటిలో మంచి బంతి అదే.

"పొలంలోవి ఏరించు," అన్నాడు. "ఆగుతా."

"నీ వంశం నాశనం కాను," అని టోర్వాల్డ్ దిబ్బ మీదే ఉమ్మి పోయాడు.

పొలంలోంచి బంతులు తెచ్చారు. ఎండలో పడి ఉన్నవి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. మొదటివాడు కొట్టింది నేల మీద దొర్లింది, పట్టి అవుట్ చేసేశారు. రెండోవాడు ఎద్దులాంటి మనిషి. అంతకుముందు రెండుసార్లు కంచె దాటించినవాడు. ఆంబ్రోస్ ఒళ్లంతా కూడదీసుకుని వేశాడు. వాడు గాలిని కొట్టాడు. మళ్లీ వేశాడు. మళ్లీ గాలి. మూడోదీ గాలే, అవుట్. బ్యాటు విసిరేసి పోయాడు.

ఆంబ్రోస్ ఊపిరి పీల్చుకున్నాడు. వెచ్చటి బంతి. తన చెయ్యి. మధ్యలో ఎవడి తొట్టీ లేదు. ఉంది, ఎంతో కొంత ఉంది తన చేతిలో.

మూడోవాడు బట్టల కొట్టు గుమాస్తా. కళ్లజోడు తాడుతో తలకు కట్టుకున్నాడు. బ్యాటును గజంబద్దలా పట్టుకున్నాడు. ఆంబ్రోస్ అదే బంతి, అదే వేగంతో వేశాడు.

ఠాప్.

గుమాస్తా తను కొట్టింది తనే నమ్మలేక కాసేపు అక్కడే నిలబడ్డాడు. వాళ్లవాళ్లు పరిగెత్తమని కేకలేస్తే అప్పుడు పరిగెత్తాడు. బంతి కంచె దాటి, మొక్కజొన్న మొదటి వరసలూ దాటి పోయింది. ఆ తర్వాత నార్‌డాల్ వాళ్ల బ్యాట్లకు ఒక్క పరుగూ రాలేదు.

ఆంబ్రోస్ మైదానం దాటుతుంటే ఎవరో చల్లారిన కాఫీ అతని మీద పోశారు. టోర్వాల్డ్ ట్రక్కు దగ్గర కాపు కాశాడు.

"చొక్కా ఇచ్చిపో."

ఆంబ్రోస్ విప్పి చేతిలో పెట్టాడు. "ఉతికిచ్చేవాణ్ని," అన్నాడు. "మీకలవాటు లేదుగా."

బనీను మీద ట్రక్కు ఎక్కి కూర్చునేసరికి పక్కన సిల్వెస్టర్ కూర్చుని ఉన్నాడు. తన కారు ఇంకెవరికో ఇచ్చి వచ్చాడు. ట్రక్కు కదిలింది. రెండువైపులా మొక్కజొన్న.

"ఆ ఎద్దులాంటోణ్ని మాత్రం భలే పడగొట్టావు బావా," అన్నాడు సిల్వెస్టర్ సగం దారిలో.

ఆంబ్రోస్ గేరు మార్చాడు.

సిల్వెస్టర్ కడుపులో ఏ మాటా దాగదు. "వాడు ఆట మధ్యలో కార్ల వెనక్కి పోయి తెగ తాగాడట. నిలబడలేకపోతున్నాడు, పాపం."

"తెలుసు. పక్కనుంచి పోతుంటే కంపు కొట్టింది."

మళ్లీ మొక్కజొన్న.

"వచ్చే వేసవికి ఉంటావుగా?"

"క్యాను ఖాళీ చెయ్యి. ఉంటా."

"ఖాళీ చేస్తే ఓడిపోతాం బావా."

"ఓడిపోతాం."

"ఊరు ఒప్పుకోదు."

"అయితే నీ తొట్టిని ఎక్కించుకో దిబ్బ మీదికి. ఇన్నాళ్లు గెలిచింది అదేగా."

సిల్వెస్టర్ తన గుమ్మం ముందు దిగి తలుపు వేశాడు.

ఇంటి దగ్గర ఆవులు పొదుగులు బరువెక్కి అరుస్తున్నాయి. ఆంబ్రోస్ పాలు పిండాడు. పాడలేదు. చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. పొయ్యి పైన అరలో బంతులు లేవు, టిల్లీ పిండి గిన్నె మళ్లీ దాని చోటికి వచ్చింది.

"ఏమయింది?" అంది టిల్లీ.

"కొట్టారు."

"బాగా?"

"గుమాస్తా కూడా."

టిల్లీ ఉడకబెట్టిన బంగాళాదుంపలు పళ్లెంలో పెట్టింది. అతను వాటిని చూస్తూ కూర్చున్నాడు. చెంచా తీసుకోలేదు.

"సాసేజ్ ఉందా?" అన్నాడు.

టిల్లీ చెయ్యి గాల్లోనే ఆగింది. చాకు తీసుకుని పొగగదికి వెళ్లి ఒక దండ కోసుకొచ్చింది. పెనం మీద వేసింది. కొవ్వు చిటపటలాడింది. ఆ వాసనకు ఆంబ్రోస్ పద్దెనిమిదేళ్ల అలవాటుగా ముక్కు దగ్గరికి చెయ్యి తీసుకుపోయి, మళ్లీ దించేశాడు.

ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. కడుపు ఏమీ అనలేదు.

"ఎలా ఉంది?" అంది టిల్లీ.

"బాగానే ఉంది," అన్నాడు. ముఖం మాత్రం వేపాకు నమిలినవాడిలా పెట్టాడు. అలా పెట్టే ఇంకో ముక్క కోసుకున్నాడు.